పెద్దపీట ఎవరికి: క్రైస్తవ జీవితంలో పక్షపాతం, సమదృష్టి

డబ్బు, కులం, రంగు, చుట్టరికం, హోదా చూసి సంఘంలో ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ చేయడాన్ని క్రైస్తవ బోధ పక్షపాతం అంటుంది. కొత్త నిబంధన దీన్ని పాపంగానే లెక్కగట్టింది. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలోని ఉదాహరణ గుడికి వెళ్లేవారందరికీ తెలిసిందే. సమాజంలోకి ఇద్దరు వస్తారు. ఒకరి వేలికి బంగారు ఉంగరం, ఒంటిమీద మెరిసే బట్టలు. రెండోవాడివి మాసిన గుడ్డలు. మొదటివాడికి మంచి చోటు చూపిస్తారు. రెండోవాణ్ణి అక్కడ నిలబడమంటారు, లేదా కాళ్ల దగ్గర కూర్చోమంటారు. పత్రికా రచయిత దీన్ని మర్యాద తెలియనితనంగా వదిలెయ్యలేదు. ధర్మశాస్త్రంలో ఒక్క ఆజ్ఞ తప్పినా మొత్తం తప్పినట్టేనని చెబుతూ నరహత్య, వ్యభిచారాల పక్కనే దీన్ని ప్రస్తావించాడు.

ఆ ఉదాహరణలో గొడవంతా కూర్చునే చోటు గురించి. దేవుని ముందు మనుషులంతా సమానమన్న మాటను కాదన్న సంఘాలు చరిత్రలో తక్కువ. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరితో కలిసి తినాలి, ప్రభు భోజన సంస్కారం ముందు ఎవరు తీసుకోవాలి, చనిపోయాక ఎక్కడ పాతిపెట్టాలి, పిల్లను ఎవరికివ్వాలి అన్న దగ్గరే తగాదాలు వచ్చాయి. వాటిని సర్దినవారు కూడా చాలాసార్లు ప్రసంగంతో సరిపెట్టక ఏర్పాటునే మార్చారు.

పాత నిబంధన మూలాలు

ఈ ఆజ్ఞ మొదట న్యాయస్థానానికి సంబంధించింది. లంచం పుచ్చుకోవద్దనీ, ముఖం చూసి తీర్పు చెప్పొద్దనీ, తక్కువవాడి మాటనూ గొప్పవాడి మాటనూ ఒకేలా వినాలనీ ద్వితీయోపదేశకాండం న్యాయాధిపతులకు చెబుతుంది. లేవీయకాండం 19వ అధ్యాయం ఇంకాస్త ముందుకెళ్లి, బీదవాడు కదా అన్న జాలితో కూడా తీర్పు అటు మొగ్గకూడదంటుంది. అదే ధర్మశాస్త్రం పరదేశి, అనాథ, విధవరాలు అని పదేపదే పేరెత్తుతుంది. ఊరి గుమ్మం దగ్గర జరిగే పంచాయితీలో వాళ్ల తరఫున నిలబడే మగదిక్కు ఉండేది కాదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న బిగి తర్వాతి కాలపు చర్చల్లో మళ్లీ మళ్లీ పైకి వచ్చింది.

ఇంటి సంగతికొస్తే ఆదికాండం నిండా ఇదే కథ. ఇస్సాకుకు ఏశావు మీద మక్కువ, రిబ్కాకు యాకోబు మీద. తండ్రి దీవెన కోసం తల్లీకొడుకులు ఆడిన నాటకం అన్నదమ్ములను ఇరవై ఏళ్లు విడదీసింది. దెబ్బ తెలిసిన ఆ యాకోబే పెద్దవాడయ్యాక యోసేపు ఒక్కడికే ప్రత్యేకంగా అంగీ కుట్టించాడు. అన్నలు తమ్ముణ్ణి గుంటలో పడేశారు, చివరికి ఐగుప్తుకు పోయే వర్తకులకు అమ్మేశారు. సండేస్కూల్లో ఈ కథ చెప్పేటప్పుడు అన్నల అసూయ మీద పెట్టినంత దృష్టి తండ్రి తప్పు మీద పెట్టరు.

మొదటి సంఘాల్లో తిండి తగాదాలు

యెరూషలేము సంఘంలో పుట్టిన తొలి పెద్ద ఫిర్యాదు భోజనం గురించే. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు మొదలైంది. స్థానిక హీబ్రూ కుటుంబాల వారికి మాత్రం సరిగా అందుతోంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ప్రకారం అపొస్తలులు ఆ ఫిర్యాదును కొట్టిపారెయ్యలేదు, ఓపిక పట్టండని సర్దిచెప్పనూ లేదు. సంఘాన్నంతా పిలిచి ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడూ గ్రీకు పేర్లే. చివరి నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుమతంలో చేరినవాడు. అన్యాయం జరిగిందన్న వర్గానికి దగ్గరివాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. ఇంత తెలివైన పరిష్కారం తర్వాతి శతాబ్దాల్లో సంఘానికి అరుదుగా తట్టింది.

యూదులు, యూదేతరుల మధ్య గీత చెరగడానికి ఇంకా కష్టపడాల్సి వచ్చింది. యొప్పేలో మేడమీద ప్రార్థిస్తున్న పేతురుకు దర్శనం వచ్చింది. దాని తర్వాత అతను కైసరయలో రోమా శతాధిపతి కొర్నేలి గడప తొక్కి, దేవుడు పక్షపాతి కాడని ఒప్పుకున్నాడు. అంతటి పేతురు కూడా తర్వాత అంతియొకయలో వెనక్కి తగ్గాడు. యెరూషలేము నుంచి యాకోబు వర్గం వారు రాగానే యూదేతరులతో కలిసి తినడం మానేశాడు. పౌలు అందరి ఎదుట అతన్ని నిలదీశానని గలతీయులకు రాసిన పత్రికలో దాచకుండా చెప్పుకున్నాడు. యూదుడని గ్రీసుదేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని, పురుషుడని స్త్రీ అని క్రీస్తులో తేడా లేదన్న ప్రసిద్ధమైన మాట వచ్చేది ఆ పత్రికలోనే, ఆ విందు గొడవ చెప్పిన కాసేపటికే.

కొరింథులో సమస్య డబ్బుది. అప్పట్లో సంఘం కూడేది ఎవరో కలిగినవారి ఇంట్లో. రోమను ఇళ్లలో భోజనశాల చిన్నది. మూడు వైపులా వాలు బల్లలు, మామూలుగా తొమ్మిది మందికి చోటు. మిగిలినవారు నడిమి ముంగిట్లో సర్దుకోవాలి. అతిథి అంతస్తును బట్టి వడ్డన మారడం రోమను ఇళ్లలో వింతేమీ కాదు. ఒక గృహస్థు తనకూ దగ్గరివారికీ ఒక రకం ద్రాక్షారసం, చిన్న స్నేహితులకు ఇంకో రకం, విముక్తులైన దాసులకు మూడో రకం పోయించాడని చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో ఏవగించుకున్నాడు. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అన్నట్టు సాగే ఈ అలవాటు ప్రభువు బల్ల దాకా వచ్చింది. కూలికి పోయి పొద్దుగూకాక వచ్చేవారికి తిండి మిగిలేది కాదు. ముందే వచ్చినవారు అప్పటికి మత్తులో ఉండేవారు. మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో పౌలు కోపం దీని మీదే. ఒకరి కోసం ఒకరు ఆగండని, మరీ ఆకలైతే ఇంట్లోనే తిని రమ్మని అతను చెప్పిన పరిష్కారం చూస్తే చాలా మామూలుగా ఉంటుంది.

దాసుల విషయంలో అతను అంత దూరం వెళ్లలేదు. యజమాని దగ్గర నుంచి వెళ్లిపోయిన ఒనేసిమును దాసుడిలా కాక ప్రియ సహోదరుడిలా చేర్చుకోమని ఫిలేమోనుకు రాశాడే గాని, దాస్యమే వద్దని రాయలేదు. ఆ చిన్న ఉత్తరాన్ని 19వ శతాబ్దపు అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించినవారూ, ఎదిరించినవారూ ఇద్దరూ తమకే సాక్ష్యంగా చూపించుకున్నారు.

నేల మీద కూర్చున్న బిషప్పు

మూడో శతాబ్దంలో సిరియా ప్రాంతంలో తయారైన దిదస్కాలియా అనే సంఘ నియమావళి యాకోబు ఉదాహరణకు ఆచరణ రూపం ఇచ్చింది. ఆరాధన మధ్యలో హోదా గల వ్యక్తి వస్తే బిషప్పు తన ప్రసంగం ఆపి ఎదురెళ్లకూడదు. అతనికి చోటు చూడటం మిగతా సహోదరుల పని. వచ్చింది పేద స్త్రీయో పురుషుడో అయి, చోటు లేకపోతే మాత్రం బిషప్పే కల్పించుకోవాలి. అవసరమైతే తన ఆసనం ఇచ్చేసి తాను నేలమీద కూర్చోవాలి.

క్రైస్తవం రాజుల మతం అయ్యాక లెక్కలు మారాయి. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి గుడి లోపల బలిపీఠం దగ్గర, గురువుల మధ్య కూర్చునేవాడు. మిలాను బిషప్పు అంబ్రోసు ఆ ఆచారాన్ని తన గుడిలో సాగనివ్వలేదనీ, చక్రవర్తి థియోడోసియసుకు బలిపీఠం కటకటాల బయట, ప్రజల ముందు వరసలో చోటు ఏర్పాటు చేశాడనీ ప్రాచీన చరిత్రకారుడు సోజొమెన్ రాశాడు. 390లో థెస్సలొనీకలో అతని సైన్యం వేలమందిని ఊచకోత కోసినప్పుడు, ఆ చక్రవర్తి మామూలు పాపిలాగే బహిరంగంగా పశ్చాత్తాపపడేదాకా అంబ్రోసు సంస్కారం ఇవ్వలేదు.

ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు రాసిన మఠ నియమావళి ఈ సమస్యను ఇంకా నింపాదిగా పట్టుకుంది. మఠాధిపతి ఎవరినీ ఎక్కువ ప్రేమించకూడదు. స్వతంత్రుడిగా పుట్టినవాణ్ణి, దాస్యం నుంచి వచ్చినవాడి కన్నా ముందు నిలబెట్టకూడదు. వరసలో ఎవరు ముందు అన్నదానికి ఒకటే కొలత, చేరిన వేళ. పగలు రెండో గంటకు వచ్చినవాడు ఎంత వయసువాడైనా, ఎంత గొప్పింటివాడైనా, మొదటి గంటకు వచ్చినవాడికి చిన్నే. మధ్యయుగ యూరప్‌లో పుట్టుకను పక్కనబెట్టి గడియారంతో హోదా తేల్చిన చోట్లు ఎన్నో ఉండవు. అదే సంఘంలో తర్వాత గొప్పింటి పిల్లలు మఠాధిపతి పదవులు పంచుకున్నారన్నది కూడా నిజం.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన పెద్ద గ్రంథంలో పక్షపాతానికి ఒక ప్రశ్న మొత్తం కేటాయించాడు. ఒకడికి విద్య ఉందని ఉపాధ్యాయ పదవి ఇస్తే న్యాయం. డబ్బున్నవాడని, మనవాడని ఇస్తే పక్షపాతం. చదవడానికి ఇది తేలికే. రోములో పోపుల మేనల్లుళ్లు కార్డినళ్లయి ఖజానా చూసుకునే ఆచారానికి అడ్డుకట్ట వేస్తూ 12వ ఇన్నోసెంటు శాసనం తెచ్చేసరికి 1692 వచ్చింది.

టోపీలు, తాళాలు వేసిన బెంచీలు

ఇంగ్లండులో 17వ శతాబ్దపు క్వేకర్లు పెద్దల ముందు టోపీ తీయబోమని భీష్మించారు. ఎవరినైనా ఏకవచనంలోనే పిలిచేవారు. మన ఊళ్లో దొరగారి ఎదుట కండువా తీయనంటే ఎలా ఉండేదో అక్కడ అలాగే అయింది. 1670లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టుకు విలియం పెన్, విలియం మీడ్ అనే క్వేకర్లు టోపీలు లేకుండానే వచ్చారు. కోర్టు వారే బంట్రోతు చేత వాళ్ల నెత్తిన టోపీలు పెట్టించి, తర్వాత వాటిని తీయనందుకు జరిమానా వేశారు.

అదే కాలం నుంచి 19వ శతాబ్దం దాకా ఇంగ్లండు, అమెరికా చర్చిల్లో బెంచీలు అద్దెకు దొరికేవి. కలిగిన కుటుంబానికి తలుపు, గడియ ఉన్న సొంత పెట్టె లాంటి బెంచీ. అద్దె కట్టలేనివారికి వెనక, లేదా నడిచే దారిలో, ఆసరా లేని బల్లలు. యజమాని రాకపోయినా ఆ బెంచీ ఖాళీగానే ఉండేది. 1818లో ఇంగ్లండులో ఏర్పడిన చర్చి నిర్మాణ సంస్థ ఒకటి, కొన్ని సీట్లు ఉచితంగా ఉంచితేనే డబ్బిస్తామని షరతు పెట్టింది. 1860లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన ఫ్రీ మెథడిస్టు సంఘం బెంచీల అద్దెను, బానిసత్వాన్ని కలిపి తిరస్కరించి, ఆ స్వేచ్ఛనే పేరులో పెట్టుకుంది.

అమెరికాలో రంగు గీత ఇంకా మొరటుగా ఉండేది. 18వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థిస్తున్న నల్లవారిని లేచి తమకు కేటాయించిన చోటికి పొమ్మన్నారు. ప్రార్థన అయ్యేదాకా ఆగమన్న అబ్సలోం జోన్సును పట్టి లాగారు. రిచర్డ్ అలెన్, జోన్సు, వారి తోటివారు ఆ ప్రార్థన పూర్తి చేసి ఒక్కుమ్మడిగా బయటికి నడిచారు. 1816లో అలెన్ నాయకత్వాన ఏర్పడిన ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘానికి మూలం అక్కడుంది. 1906లో లాస్ ఏంజెలెస్ అజూసా వీధిలో, బానిసల కొడుకైన విలియం సైమూర్ నడిపిన కూటాల్లో తెల్లవారు, నల్లవారు పక్కపక్కనే మోకరించారు. నేటి పెంతెకొస్తు ఉద్యమం చాలావరకు అక్కడి నుంచే పాకింది. ఆ కలయిక మాత్రం పదేళ్లయినా నిలవలేదు.

దక్షిణాఫ్రికా కథలో ఒక చిన్న మినహాయింపు ఎంత దూరం పోగలదో కనిపిస్తుంది. 1857లో డచ్ రిఫార్మ్‌డ్ చర్చి మహాసభ, కొత్తగా చేరిన నల్లవారిని ఉన్న సంఘాల్లోనే కలుపుకోవడం లేఖనానుసారం అని ఒప్పుకుంది. అయితే కొందరి బలహీనత వల్ల అది కుదరని చోట వేరే గదిలో ఆరాధన జరుపుకోవచ్చని ఒక వాక్యం తగిలించింది. 1881కల్లా మిశ్రమ జాతివారికి వేరే సంఘమే పుట్టింది. 20వ శతాబ్దంలో వర్ణవివక్ష ప్రభుత్వానికి అదే చర్చి వేదాంతాన్ని సమకూర్చింది. 1982లో ఒట్టావాలో కూడిన ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి వర్ణవివక్షకు వేదాంత సమర్థన దుర్బోధ అని తీర్మానించింది. వేరు పెట్టబడిన ఆ సంఘమే అదే ఏడాది బెల్హార్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటన తయారుచేసి, 1986లో అధికారికంగా స్వీకరించింది.

భారతదేశంలో కులం, తెలుగు నేల

మన దేశంలో పక్షపాతానికి మరో పేరు కులం. తరంగంబాడిలో లూథరన్ మిషనరీలు 1718లో కట్టిన న్యూ జెరూసలేం గుడిలో అగ్రవర్ణ క్రైస్తవులు, దళిత క్రైస్తవులు వేర్వేరు వైపుల కూర్చునేవారు. చాలామంది తొలి మిషనరీలు దీన్ని లోకాచారంగా చూసీ చూడనట్టు వదిలేశారు. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ సంఘాల్లో కులభేదం తక్షణం, పూర్తిగా పోవాలని లేఖ రాసేసరికి తంజావూరు, మద్రాసు వేపేరిల్లో పెద్ద గొడవే అయింది. చాలా కుటుంబాలు గుడి మానేశాయి. తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో కతోలికులు రెండు కులాలకు రెండు రెక్కలుగా గుడి కట్టారు. మధ్యలో గోడ. 1910లో గురువు ఆ అడ్డు తీయించగానే వ్యవహారం కోర్టుకెక్కింది.

తెలుగు ప్రాంతంలో నిర్ణాయకమైన ఘట్టం ఒంగోలుది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చేసరికి ఊళ్లో బ్రాహ్మణులు, ఇతర అగ్రవర్ణాలవారు ఆసక్తిగా వినేవారు. ఇంకోవైపు తాళ్లకొండపాడు నుంచి తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య, అతని మాదిగ బంధువులు బాప్తిస్మం కోరి వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్దకులాల వారు చెప్పేశారు. మిషను లెక్క ప్రకారం చూస్తే, చదువూ పలుకుబడీ ఉన్నవారితో మొదలుపెట్టి మెల్లగా కిందికి రావడం తెలివైన పని. ఆ సందిగ్ధంలో తానూ తన భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం, లోకంలో నీచులైనవారిని దేవుడు ఎన్నుకున్నాడన్న భాగం, కంటబడిందని క్లౌ తన స్వీయకథలో రాసుకున్నాడు. మాదిగలను చేర్చుకున్నాడు. అగ్రవర్ణాలవారు దూరమయ్యారు.

1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బువ్వ కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. పల్లె చివర చెప్పులు కుట్టుకునే కుటుంబాలు గుంపుగా ఒక పుస్తకంలో పేర్లు రాయించుకోవడం ఆ ప్రాంతానికి కొత్త.

ఆ నిర్ణయం ఒక తలుపు తీసింది గాని గోడలన్నీ కూల్చలేదు. ఒక ఊళ్లో మాలలు ముందు ఒక మిషనులో చేరితే మాదిగలు ఇంకో మిషను వెతుక్కోవడం తెలుగు జిల్లాల్లో మామూలైంది. బాప్టిస్టు, లూథరన్ అన్న పేర్లు చాలాచోట్ల వేదాంతం కన్నా పేటను ఎక్కువ సూచించాయి. కతోలికుల్లో రెడ్డి, కమ్మ కుటుంబాల ఊళ్లు వేరుగా నిలిచాయి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి గుర్రం జాషువాకు మతం మారిన ఇల్లు అంటరానితనం నుంచి రక్షణ ఇవ్వలేదు. 1941లో వచ్చిన ఆయన ‘గబ్బిలం’ వెనక ఆ అనుభవం ఉంది.

మిషనరీల పక్షపాతం ఇంకో రకం. తిరునెల్వేలి నాడార్ కుటుంబానికి చెందిన వి.ఎస్. అజరయ్య 1910 ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లదొరల ముఖం మీదే ఈ సంగతి చెప్పాడు. మీరు మాకోసం ఆస్తులు, ప్రాణాలు ఇస్తున్నారు, సమానుల్లా స్నేహం మాత్రం చేయడం లేదన్నది సారాంశం. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది దోర్నకల్ వచ్చాడు. తెలుగు నేర్చుకుని ఊరూరా తిరిగాడు. మాల, మాదిగ సంఘాలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఆయనకు 1945లో చనిపోయేదాకా తీరని పనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కథీడ్రల్‌లో మన మంటపాల, మసీదుల పోలికలు కలిసి కనిపిస్తాయి.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం కొత్త చిక్కు తెచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులు బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. అందుకే చాలా ఇళ్లలో బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకో పేరు ఉంటాయి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా హోదా ఇవ్వాలని సూచించింది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. ఈ వాదనలో సంఘాలకు ఒక ఇబ్బంది ఉంది. హోదా కావాలంటే తమలోనూ కులవివక్ష ఉందని బయట ఒప్పుకోవాలి. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత సాధికారత విధానంలో ఆ మాట సూటిగానే ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్పు పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. ఆ పదవికి చేరిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే.

స్త్రీల సంగతి ఆలస్యంగా కదిలింది. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్పు 2013లో నంద్యాల డయాసిస్‌కు వచ్చారు, ఆమె ఇ. పుష్పలలిత. చాలా స్వతంత్ర సంఘాల్లో ఇప్పటికీ స్త్రీ సాక్ష్యం చెప్పవచ్చు, పాట పాడవచ్చు, ప్రసంగ వేదిక ఎక్కకూడదు.

మర్యాదకూ పక్షపాతానికీ గీత ఎక్కడ

అందరినీ ఒకేలా చూడటమంటే అందరికీ ఒకటే ఇవ్వడమా అన్నది పాత ప్రశ్న. ఎవరికి చెల్లించాల్సిన గౌరవం వారికి చెల్లించమని రోమీయులకు రాసిన పత్రిక చెబుతుంది. బాగా పాలించే పెద్దలకు రెట్టింపు గౌరవం అని తిమోతికి రాసిన మొదటి పత్రిక అంటుంది. అదే అధ్యాయంలో పక్షపాతంతో ఏదీ చేయొద్దని కూడా ఉంది. యేసు పన్నెండుమందిలోంచి ముగ్గురినే కొండమీదికి తీసుకెళ్లాడు. సాధారణంగా వ్యాఖ్యాతలు చెప్పే సమాధానం ఏమిటంటే, చేసే పనికి, మోసే బాధ్యతకు ఇచ్చే గౌరవం వేరు, మనిషి సంపదకో వంశానికో ఇచ్చేది వేరు. రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన మీద జారీ చేసిన పత్రం ఈ గీతను చట్టంలా గీసింది. ఆరాధనలో పరిచర్యను బట్టి, అభిషేకాన్ని బట్టి, ప్రభుత్వాధికారులకు మర్యాదను బట్టి తప్ప, వ్యక్తులకో వర్గాలకో ప్రత్యేక గౌరవాలు ఉండకూడదు.

లాటిన్ అమెరికా బిషప్పులు 1968లో మెడెయీన్‌లో, 1979లో ప్యూబ్లాలో పేదల పక్షం వహించడమే సువార్త అన్నప్పుడు విమర్శకులు లేవీయకాండాన్నే ఎదురు చూపించారు. పేదవాడి వైపు మొగ్గడం కూడా పక్షపాతమే కదా అని. తూకం ముందే ఒకవైపు ఒరిగి ఉన్నప్పుడు దాన్ని సరిచేయడం పక్షపాతం కాదన్నది సమర్థకుల జవాబు. యాకోబు పత్రిక కూడా దరిద్రులను దేవుడు ఎన్నుకున్నాడని, కోర్టులకు ఈడ్చేది ధనవంతులేనని అదే అధ్యాయంలో చెప్పి ఈ జవాబుకు బలమిస్తుంది. దీనిలో విమర్శకుల వాదన కన్నా బిషప్పులదే గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే లేవీయకాండంలోని ఆ మాట తీర్పు గురించి, ఆకలి తీర్చడం గురించి కాదు.

ఇప్పటి సంఘంలో

తెలుగు సంఘాల్లో పక్షపాతం కనిపించే చోట్లు చెప్పుకోవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. క్రిస్మస్ కార్యక్రమంలో ముందు వరస సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, వాటి వెనక చాపలు. ఎమ్మెల్యే వచ్చేసరికి సగంలో ఆగే పాట, శాలువా, దండ. కొత్త గుడికి ఎవరెంత ఇచ్చారో మైకులో చదవడం, పెద్ద మొత్తం ఇచ్చినవారి పేరు గ్రానైటు ఫలకం మీద చెక్కించడం. పాస్టరుగారి కొడుకే తర్వాతి పాస్టరు కావడం. ఆస్తులున్న పాత మిషను సంస్థల ఎన్నికల్లో కులం లెక్కన ప్యానెళ్లు కట్టడం. జబ్బు చేసినప్పుడు కారున్న ఇంటికి ఆ సాయంత్రమే, పేట చివరి ఇంటికి వీలు చూసుకుని వెళ్లే పరామర్శ.

వీటిలో కొన్నింటికి మందు పాతదే, ఏర్పాటు మార్చడం. కానుకలు పేరు లేని కవర్లలో వేయించే సంఘాలు ఉన్నాయి. సంఘపెద్దల పదవికి కాలపరిమితి పెట్టుకున్నవి ఉన్నాయి. ప్రేమవిందులో వంటవాళ్లనూ ఊడ్చేవాళ్లనూ ముందు బంతిలో కూర్చోబెట్టేవీ ఉన్నాయి. సమాధుల తోటలో వరస క్రమంలోనే చోటు ఇస్తామని, కొనుక్కున్న స్థలం అంటూ ఉండదని కొన్ని కమిటీలు రాసి పెట్టుకున్నాయి.

పెళ్లి మాత్రం ఏ నియమావళికీ అందలేదు. గుడిలో మూడు ఆదివారాలు చదివే వివాహ ప్రకటనలో వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, సంఘం పేరు ఉంటాయి, కులం ఉండదు. సంబంధాల కోసం ఇచ్చే ప్రకటనల్లో మాత్రం ‘క్రిస్టియన్’ అన్న మాట పక్కనే మాల, మాదిగ, రెడ్డి, కమ్మ అని ఉంటుంది. అది లేని చోట మధ్యవర్తి ఫోన్‌లో అడిగేస్తాడు. కులాంతర వివాహాలు చేసే పాస్టర్లు పట్టణాల్లో పెరిగారు. పల్లెల్లో అలాంటి పెళ్లి తలపెట్టిన జంట ఎక్కువగా పక్క ఊరి గుడికో, రిజిస్ట్రారు ఆఫీసుకో వెళ్తోంది.